టన్ను లెక్క, టైరు లెక్క, కిలోమీటరు లెక్క: లారీ, బస్సు టైర్ల ప్రపంచ వ్యాపారం

వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి బస్తాలతో బయలుదేరే లారీకైనా, కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే ట్రెయిలర్‌కైనా, రామగుండం వైపు బొగ్గు తిప్పే టిప్పర్‌కైనా డీజిల్ తరువాత యజమానిని ఎక్కువగా పిండే ఖర్చు టైర్లదే. పది టైర్ల లారీకి మొత్తం సెట్టు మార్చాలంటే లక్షల్లో మాట. ఆ ధర మాత్రం వరంగల్ ఆటోనగర్‌లో తేలేది కాదు. థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఐవరీకోస్ట్ రబ్బరు తోటల్లో కురిసే వానలు, చైనాలోని షాన్‌డాంగ్ ప్రాంతపు ఫ్యాక్టరీల్లో పేరుకున్న మిగులు సామర్థ్యం, ఢిల్లీలో వెలువడే నోటిఫికేషన్లు, బ్రస్సెల్స్‌లోనూ వాషింగ్టన్‌లోనూ జరిగే విచారణలు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

ఈ వ్యాపారం గురించి మన దగ్గర జరిగే చర్చ సాధారణంగా రెండు ముక్కల్లో ముగుస్తుంది. చైనా టైరు చవక, నాణ్యత లేదు, దాన్ని ఆపాలి అని ఒక వైపు. ఆపితే దేశీయ కంపెనీలు ధర పెంచేస్తాయి, లారీ యజమాని మునిగిపోతాడు అని మరో వైపు. రెండింటిలోనూ నిజం ఉంది, కానీ రెండూ అసలు చిక్కును వదిలేస్తున్నాయి. భారత ప్రభుత్వం దిగుమతి టైరు మీద ప్రత్యేక సుంకాన్ని టన్ను చొప్పున లెక్కించింది. యూరప్ ఒక్కో టైరుకు ఇంత అని లెక్కించింది. లారీ నడిపేవాడికి నిజంగా పడే ఖర్చు కిలోమీటరు చొప్పున ఉంటుంది. ఈ మూడు కొలతలూ ఒకదానితో ఒకటి కలవవు కాబట్టే, కాగితం మీద న్యాయంగా కనిపించే సుంకం రోడ్డు మీదికి వచ్చేసరికి ఎవరికి మేలు చేసిందో, ఎవరి మీద భారం వేసిందో తేల్చడం కష్టమవుతోంది.

ముందుగా టైరులో ఏముందో చూడాలి. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే 10.00ఆర్20 సైజు లారీ రేడియల్ టైరు 55 నుంచి 60 కిలోల వరకు తూగుతుంది. అందులో స్టీలు తీగ, కార్బన్ బ్లాక్, పెట్రోలియం నుంచి వచ్చే కృత్రిమ రబ్బరు, గంధకం, జింక్ ఆక్సైడ్ వంటివి ఉన్నా, బరువులో దాదాపు మూడో వంతు సహజ రబ్బరే. కారు టైరులో కృత్రిమ రబ్బరు పాలు ఎక్కువగా ఉండవచ్చు గానీ లారీ టైరులో అది కుదరదు. టన్నుల బరువు కింద నలుగుతూ గంటల తరబడి తిరిగే టైరు లోపల వేడి పుడుతుంది. ఆ వేడిని తక్కువగా పుట్టించేదీ, కంకర రాయి గుచ్చుకున్నప్పుడు చీలిక పాకకుండా పట్టి ఉంచేదీ సహజ రబ్బరే. అందుకే లారీ టైరు వ్యాపారం గురించి మాట్లాడడమంటే ముందుగా రబ్బరు చెట్టు గురించి మాట్లాడడమే.

ఆ చెట్టు పుట్టుక అమెజాన్ అడవుల్లో. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి గింజలు లండన్‌కు చేర్చిన తరువాత అది ఆసియాకు వచ్చింది. బ్రెజిల్‌లో ఆకుమాడు తెగులు తోటలను నిలవనివ్వకపోవడంతో ఆగ్నేయాసియాయే ప్రపంచ రబ్బరుకు కేంద్రమైంది. నాటిన ఏడేళ్లకు గాని చెట్టు పాలివ్వదు. ధర పెరిగిందని ఈ ఏడాది నాటితే ఆ పంట చేతికి వచ్చేనాటికి మార్కెట్ మరోలా ఉంటుంది. పత్తి రైతు ఒక సీజన్‌లో మిర్చికి మారగలడు, రబ్బరు రైతుకు ఆ వెసులుబాటు లేదు. ధరలు పడిపోయిన ఏళ్లలో తోటలు నరికి వేరే పంటలు వేసినవాళ్ల లోటు, పదేళ్ల తరువాత టైరు ధరలో కనిపిస్తుంది. 2024 ఆగస్టులో కొట్టాయం మార్కెట్‌లో షీటు రబ్బరు కిలో 247 రూపాయలు పలికి 2011 నాటి రికార్డును దాటినప్పుడు మన దగ్గర టైరు ధరలు పెరగడానికి మూలం అక్కడే ఉంది.

భారతదేశంలో ఏటా సుమారు ఎనిమిదిన్నర లక్షల టన్నుల సహజ రబ్బరు పండుతుంటే వాడకం 14 లక్షల టన్నుల దాకా ఉంది. పండేదానిలో ఎక్కువ భాగం కేరళది, రెండో స్థానం త్రిపురది. మిగతాది దిగుమతి. కేరళలో లక్షలాది చిన్న రైతుల బతుకు దీని మీద ఆధారపడి ఉంది కాబట్టి కేంద్రం దిగుమతి రబ్బరు మీద 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది సుంకంగా వసూలు చేస్తోంది. ఆగ్నేయాసియా దేశాలతో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో కూడా సహజ రబ్బరును రాయితీల జాబితాలో చేర్చలేదు. కిలో 120 రూపాయలకు పైన ఉన్నప్పుడల్లా ఈ సుంకం 30 రూపాయల దగ్గర ఆగిపోతుంది కాబట్టి, రబ్బరు 200 రూపాయలు ఉంటే అసలు భారం 15 శాతమే. ధర పడిపోయినప్పుడు రైతుకు ఎక్కువ రక్షణ, పెరిగినప్పుడు పరిశ్రమకు కొంత ఊరట ఉండేలా ఈ ఏర్పాటు ఉంది. ఇది ఆలోచించి చేసిన ఏర్పాటే అని నా అభిప్రాయం.

అయితే టైరు కంపెనీల ఫిర్యాదు వేరు. ముడిసరుకు మీద సుంకం ఎక్కువ, తయారైన టైరు మీద తక్కువ అయితే ఇక్కడ తయారు చేసేవాడు నష్టపోతాడు కదా అన్నది వాళ్ల వాదన. లారీ, బస్సు రేడియల్ టైర్ల మీద మామూలు కస్టమ్స్ సుంకం 2018 బడ్జెట్ దాకా 10 శాతమే, అప్పుడు 15కు పెంచారు. ఒప్పందాలున్న దేశాల నుంచి వచ్చే టైర్లకు అంతకన్నా తక్కువ పడే అవకాశం ఉంది. ఈ వాదనలో బలం ఎంతో మనమే లెక్కకట్టి చూడవచ్చు. ఒక టైరులో 18 కిలోల సహజ రబ్బరు ఉందనుకుని, అదంతా దిగుమతి రబ్బరే అనుకుంటే, ఒక్కో టైరుకు గరిష్ఠంగా పడే రబ్బరు సుంకం 540 రూపాయలు. 15, 20 వేల రూపాయల వస్తువులో ఇది చిన్న మొత్తం కాదు గాని, ధరల తేడా మొత్తాన్ని దీని మీదికి నెట్టేంత పెద్దదీ కాదు. పైగా ఎగుమతి కోసం తయారు చేసే టైర్లకు కావలసిన రబ్బరును అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద సుంకం లేకుండా తెచ్చుకునే వీలు కంపెనీలకు ఉంది. అంటే అమెరికా వెళ్లే టైరులోని దిగుమతి రబ్బరుకు సుంకం లేదు, హన్మకొండలో అమ్ముడయ్యే టైరులోని దిగుమతి రబ్బరుకు సుంకం ఉంది. ఎగుమతిదారుడు బయట పోటీ పడాలంటే ఇది అవసరమే, కాదనలేం. కానీ కేరళ రైతు రక్షణకయ్యే ఖర్చులో కొంత మన లారీ యజమాని ద్వారా కిరాయిలోకీ, అక్కడి నుంచి సరుకు ధరలోకీ చేరుతుందన్న సంగతిని దాచిపెట్టి మాట్లాడకూడదు.

ఇక చైనా సంగతి. అది అర్థం కావాలంటే నైలాన్ టైరు నుంచి రేడియల్‌కు జరిగిన మార్పును గుర్తుచేసుకోవాలి. పాత రకం టైరులో నైలాన్ దారపు పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అడ్డం పడి ఉంటాయి. పక్క గోడలు మందంగా, మొండిగా ఉంటాయి. పరిమితికి మించిన లోడు, గుంతల రోడ్డు, ఏదైనా ఓర్చుకుంటుంది, కానీ వేడెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగిస్తుంది. రేడియల్ టైరులో తీగలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా వెళ్తాయి, పైన స్టీలు బెల్టు ఉంటుంది. రోడ్డును సమంగా పట్టుకుంటుంది, ఎక్కువ దూరం నడుస్తుంది, డీజిల్ ఆదా అవుతుంది. మిషెలిన్ కంపెనీ 1946లోనే ఈ నిర్మాణాన్ని రూపొందించింది. మన దేశంలో కార్లు త్వరగా రేడియల్‌కు మారాయి, లారీలు మాత్రం చాలా ఆలస్యం చేశాయి. ఓవర్‌లోడు అలవాటు, రోడ్ల స్థితి, కొత్త ఫ్యాక్టరీకి కావలసిన భారీ పెట్టుబడి, ఇవన్నీ కారణాలే. జాతీయ రహదారులు నాలుగు వరసలయ్యాక లారీ యజమానులు రేడియల్ వైపు తిరిగిన సమయానికి చైనా అప్పటికే ఆ టైర్లను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా తయారు చేస్తోంది. మన కంపెనీలు ఫ్యాక్టరీలు కడుతుండగానే చైనా టైరు మన బజారులో చోటు సంపాదించింది.

దీని మీద ప్రభుత్వం చేపట్టిన చర్యలు ఒకే రకమైనవి కావు. చర్చలో అన్నిటినీ కలిపి చైనా సుంకం అంటుంటారు గాని వీటిని విడదీసి చూడాలి. మొదటిది యాంటీ డంపింగ్ సుంకం. ఒక కంపెనీ తన దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు మన దేశానికి అమ్మి, దాని వల్ల ఇక్కడి పరిశ్రమకు హాని జరిగిందని రుజువైతే, ఆ తేడాను పూడ్చడానికి వేసేది ఇది. 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని 9ఎ సెక్షన్ దీనికి ఆధారం. విచారణ జరిపి సిఫార్సు చేసేది వాణిజ్య శాఖలోని వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్ (డీజీటీఆర్). సుంకం వేయాలా వద్దా అని తుది నిర్ణయం తీసుకునేది ఆర్థిక శాఖ. 2017 సెప్టెంబరు 18న చైనా నుంచి వచ్చే లారీ, బస్సు రేడియల్ టైర్ల మీద ఆయా కంపెనీని బట్టి టన్నుకు 245.35 డాలర్ల నుంచి 452.33 డాలర్ల దాకా అయిదేళ్ల కాలానికి ఈ సుంకం విధించారు. 55 కిలోల టైరుకు మార్చి చూస్తే అది పదమూడున్నర డాలర్ల నుంచి 25 డాలర్ల వరకు, ఆనాటి మారకం రేటులో సుమారు 860 నుంచి 1,590 రూపాయల దాకా అవుతుంది.

రెండోది సబ్సిడీ వ్యతిరేక సుంకం. ఇక్కడ ప్రశ్న కంపెనీ ఏ ధరకు అమ్మిందన్నది కాదు. ఆ కంపెనీకి తన ప్రభుత్వం చవక రుణాలు, చవక భూమి, పన్ను మినహాయింపుల రూపంలో ఎంత సాయం చేసిందన్నది. 2019 జూన్‌లో చైనా లారీ, బస్సు టైర్ల మీద 9.12 నుంచి 17.57 శాతం వరకు ఈ సుంకం పడింది. ఈ రెండూ విచారణ జరిగాక, లెక్కల ఆధారంగా, కాలపరిమితితో వేసేవి. మూడో చర్య స్వభావం పూర్తిగా వేరు. 2020 జూన్ 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ టైర్ల దిగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి నియంత్రిత జాబితాలోకి మార్చింది. అప్పటి నుంచి లైసెన్సు లేకుండా తెచ్చుకునే వీలు పోయింది. ఇది చైనా ఒక్కదానికే కాదు, అన్ని దేశాలకూ వర్తించింది. దిగుమతులు బాగా పడిపోయాయి. ఇండోనేషియా, థాయ్‌లాండ్, యూరోపియన్ యూనియన్ వంటివి ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాల్లో దీన్ని ప్రశ్నించాయి.

సుంకానికీ లైసెన్సుకూ మధ్య తేడా చిన్నది కాదు. సుంకం ఎంతో అందరికీ తెలుస్తుంది, దాన్ని చెల్లించి సరుకు తేవచ్చు, వసూలైన డబ్బు ఖజానాకు చేరుతుంది, గడువు దాటి కొనసాగాలంటే మళ్లీ సమీక్ష జరగాలి. లైసెన్సు పద్ధతిలో ఎంత సరుకు వస్తుందో, ఎవరికి అనుమతి దొరుకుతుందో ముందుగా చెప్పలేం. సరుకు తగ్గినందువల్ల పెరిగే ధర ఖజానాకు కాకుండా అమ్మకందారులకు చేరుతుంది. పరిశ్రమను కాపాడాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అందుకు వాడిన ఆయుధాల్లో మొదటి రెండింటికి ఉన్న జవాబుదారీతనం మూడోదానికి లేదనే నా అభ్యంతరం.

వీటికి తోడు ఐఎస్ఐ గుర్తు నిబంధన ఉంది. 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం దేశంలో అమ్మే వాణిజ్య వాహనాల టైర్లు, ఇక్కడివైనా బయటివైనా, ఐఎస్ 15636 ప్రమాణానికి లోబడి ఉండాలి. ఇది భద్రతకు సంబంధించిన నిబంధన, మంచిదే. లారీ టైరు పక్క గోడ మీద అచ్చుపోసిన రాతను ఒక్క నిమిషం చదివితే చాలా విషయం తెలుస్తుంది. 10.00ఆర్20 అంటే వెడల్పు పది అంగుళాలు, రిమ్ము ఇరవై అంగుళాలు, మధ్యలో ఉన్న ఆర్ అక్షరం రేడియల్‌కు గుర్తు. పక్కనే 146/143కె అని ఉంటే, ఒంటరిగా బిగించినప్పుడు 3,000 కిలోలు, జంటగా బిగించినప్పుడు ఒక్కోటి 2,725 కిలోలు మోయగలదని, కె అక్షరం గంటకు 110 కిలోమీటర్ల వేగానికి గుర్తు అని అర్థం. నాలుగు అంకెల తేదీ ముద్రలో మొదటి రెండూ ఏ వారమో, చివరి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. 2018 జూలైలో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితిని పెంచి, నాలుగు టైర్ల వెనక ఇరుసుకు 10.2 టన్నుల స్థానంలో 11.5 టన్నులు అనుమతించింది. 11,500 కిలోలను నాలుగుతో భాగిస్తే ఒక్కో టైరు మీద 2,875 కిలోలు పడతాయి. అంటే 143 అంకె ఉన్న టైరు చట్టం అనుమతించిన లోడుకే చాలదు. అంతకన్నా బలమైన టైరు కావాలి. కొనేటప్పుడు ధరతో పాటు ఈ అంకెను చూసేవాళ్లు మన దగ్గర తక్కువ. చవక టైరు పేలిందనే ఫిర్యాదులు కొన్నిట్లో తప్పు దేశానిది కాకపోవచ్చు, అంకెదై ఉండవచ్చు.

మనకన్నా ముందు, మనతో పాటు ఇదే సమస్యతో తలపడిన దేశాల అనుభవం మనకు ఉపయోగపడుతుంది. అమెరికాలో 2017 ఫిబ్రవరిలో అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ చైనా లారీ టైర్ల వల్ల తమ పరిశ్రమకు హాని లేదని 3-2 ఓట్లతో తేల్చింది. కార్మిక సంఘం కోర్టుకు వెళ్లింది, కోర్టు పునఃపరిశీలించమంది, 2019లో అదే కమిషన్ హాని ఉందని నిర్ణయించి సుంకాలకు దారి వేసింది. హాని అనేది టేపు పెట్టి కొలిచే వస్తువు కాదని, ఒకే లెక్కలను చూసి నిపుణులే రెండు రకాలుగా తేల్చగలరని ఈ కేసు చెబుతోంది. ఆ సుంకాల తరువాత చైనా కంపెనీలు ఊరుకోలేదు. లింగ్‌లాంగ్, ప్రింక్స్ చెంగ్‌షాన్ వంటివి థాయ్‌లాండ్‌లోనూ, సైలున్ వియత్నాం, కాంబోడియాల్లోనూ ఫ్యాక్టరీలు నడుపుతున్నాయి. టైరు ఏ దేశంలో కట్టి, ఉడికించి తయారైందో ఆ దేశపు వస్తువుగానే కస్టమ్స్ లెక్కలోకి వస్తుంది; యజమాని ఏ దేశస్థుడన్నది అక్కడ ప్రశ్న కాదు. కాబట్టి చైనా మీది సుంకం థాయ్‌లాండ్ టైరుకు తగలదు. అమెరికాకు లారీ టైర్లు పంపే దేశాల్లో థాయ్‌లాండ్ ముందుకు వచ్చింది, 2024లో అమెరికా దాని మీదా యాంటీ డంపింగ్ సుంకం వేయవలసి వచ్చింది. ఒక్కో దేశాన్ని పట్టుకుని గోడ కడుతూ పోతే ఫ్యాక్టరీ పక్క దేశానికి జరుగుతూ పోతుంది.

యూరప్ వాదన నాకు వీటన్నిటికన్నా ఆసక్తికరంగా అనిపించింది. 2018లో యూరోపియన్ కమిషన్ చైనా లారీ, బస్సు టైర్ల మీద శాతం చొప్పున కాకుండా ఒక్కో టైరుకు ఇంత అని, గరిష్ఠంగా 61.76 యూరోల దాకా సుంకం వేసింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఆ విచారణలో కొత్త టైరునూ, అరిగిన ట్రెడ్ (రోడ్డును తాకే పై పొర) తీసి కొత్తది వేసిన రీట్రెడ్ టైరునూ కమిషన్ ఒకే వస్తువుగా చూసింది. యూరప్‌లో చిన్న చిన్న రీట్రెడింగ్ సంస్థలు ఎన్నో ఉన్నాయి. మంచి టైరు కొన్నవాడు పైభాగం అరిగాక దాన్ని ఆ సంస్థకు ఇచ్చి కొత్త ట్రెడ్ వేయించుకుంటాడు. చైనా నుంచి కొత్త టైరే దాదాపు రీట్రెడ్ ధరకు దొరుకుతుంటే రీట్రెడింగ్ ఎవరు చేయించుకుంటారు? పైగా ఆ చవక టైరుకు మళ్లీ ట్రెడ్ వేయించుకునే సత్తా అంతంతమాత్రం. ఒక తరం చవక టైర్లు వచ్చేసరికి రీట్రెడింగ్ పరిశ్రమకు పని పోవడమే కాదు, భవిష్యత్తులో పని చేయడానికి పనికొచ్చే పాత టైర్లు కూడా ఉండవు. 2022 మేలో అక్కడి జనరల్ కోర్టు ధరల పోలికలో లోపాలున్నాయని పలు చైనా కంపెనీల విషయంలో ఆ సుంకాలను కొట్టివేసినా, కమిషన్ విచారణ తిరిగి తెరిచి 2023లో మళ్లీ విధించింది. ధరల లెక్క మారింది గాని రీట్రెడింగ్ గురించి లేవనెత్తిన సంగతి పాతబడలేదు.

ఇది నేరుగా ఉత్తర తెలంగాణకు సంబంధించిన విషయం. రీట్రెడింగ్‌లో టైరుకు ప్రాణం కేసింగ్, అంటే ట్రెడ్ కింద ఉండే టైరు ఒళ్లు. షాపుకు వచ్చిన టైరును స్టాండు మీద తిప్పుతూ లోపల, బయట దీపం వేసి పరీక్షిస్తారు. లోపలి పొర ఉబ్బిందా, స్టీలు తీగ బయటపడి తుప్పు పట్టిందా, పక్క గోడ పగిలిందా అని చేత్తో తడిమి చూస్తారు. పనికొస్తుందనుకుంటే బఫింగ్ యంత్రం మీద పాత ట్రెడ్‌ను గీకి ఉపరితలాన్ని గరుకు చేస్తారు, గాయాలను శుభ్రం చేసి పూడుస్తారు, పల్చటి కుషన్ గమ్ పొర పరిచి దాని మీద ముందే అచ్చు పోసిన ట్రెడ్ పట్టీని చుడతారు, రబ్బరు తొడుగు వేసి ఛాంబర్‌లో కొన్ని గంటల పాటు ఒత్తిడిలో ఉడికిస్తారు. ఇంత పనీ చేసేది ఇక్కడి కార్మికుడే, వాడేది కొత్త టైరుకు పట్టే రబ్బరులో కొంత భాగమే. కేసింగ్ బలహీనమైనదైతే మొదటి మెట్టు దగ్గరే టైరును పక్కన పడేయాలి. ఆర్టీసీకి సొంత రీట్రెడింగ్ షాపులు ఉండడానికి కారణం ఇదే. అక్కడ ప్రతి టైరుకూ నంబరు వేసి, ఏ బస్సుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్నిసార్లు ట్రెడ్ వేయించారో రాసి పెడతారు.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి బజారు ధరలు కావు, పోలిక కోసమే. ఒక టైరు 14,000 రూపాయలు, 50,000 కిలోమీటర్లు తిరిగి ముగిసిపోయింది. కిలోమీటరుకు 28 పైసలు. మరో టైరు 20,000 రూపాయలు, 80,000 కిలోమీటర్లు తిరిగింది. 25 పైసలు, ఇక్కడిదాకా తేడా పెద్దగా లేదు. ఆ రెండో టైరుకు ఆరేసి వేల ఖర్చుతో రెండుసార్లు ట్రెడ్ వేయిస్తే, ఒక్కోసారి మరో 50,000 కిలోమీటర్లు వస్తే, మొత్తం 32,000 రూపాయలకు 1,80,000 కిలోమీటర్లు. అంటే 18 పైసల లోపే. షాపులో ఆరు వేలు ఎక్కువగా కనిపించిన టైరు రోడ్డు మీద మూడో వంతు చవకగా తేలింది.

అయితే ఈ లెక్క అందరికీ వర్తించదు. ఇసుక రీచ్‌లోకి దిగే టిప్పర్, క్వారీలో పదును రాళ్ల మీద తిరిగే బండి, ఓపెన్‌కాస్ట్ గని దారిలో బొగ్గు మోసే లారీ, వీటి టైర్లు అరిగి చావవు, కోతలు పడి చస్తాయి. ట్రెడ్ సగం ఉండగానే పక్క గోడ చీలితే కేసింగ్ ఎంత గొప్పదైనా రెండో జన్మ ఉండదు. అటువంటి యజమాని చవక టైరు వైపు చూడడం తెలివితక్కువతనం కాదు. మరో సమస్య చేతిలో డబ్బు. ఒక్క లారీనే నడుపుకుంటూ నెలనెలా ఫైనాన్స్ వాయిదా కట్టే మనిషికి, లక్షా ఎనభై వేల కిలోమీటర్ల తరువాత వచ్చే ఆదా కన్నా ఈ వారం మిగిలే ఆరు వేలే ముఖ్యం. వందల బస్సులున్న సంస్థ దీర్ఘకాలపు లెక్క వేసుకోగలదు, ఒంటి బండి యజమాని వేసుకోలేడు. కాబట్టి చవక దిగుమతిని ఆపితే ఎవరి మీద ఎంత భారం పడుతుందనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. బండి తిరిగే దారిని బట్టి, యజమాని ఆర్థిక స్థితిని బట్టి జవాబు మారుతుంది. టన్ను చొప్పున వేసే సుంకం ఈ తేడాలను చూడలేదు. అది గట్టి కేసింగ్ ఉన్న దిగుమతి టైరునూ, ఒక్కసారికే పరిమితమైన దిగుమతి టైరునూ బరువును బట్టే కొలుస్తుంది. ఇంకా చెప్పాలంటే బలమైన టైరు సాధారణంగా బరువుగా ఉంటుంది కాబట్టి దాని మీదే ఒక రవ్వ ఎక్కువ పడుతుంది.

దిగుమతిని అడ్డుకుంటే దేశంలో పోటీ బలంగా ఉండాలి, లేకపోతే రక్షణ కాస్తా ధరల పెంపుకు లైసెన్సు అవుతుంది. ఈ విషయంలో మన చరిత్ర భరోసా ఇచ్చేలా లేదు. కాంపిటీషన్ కమిషన్ 2018 ఆగస్టు 31న ఇచ్చిన ఉత్తర్వులో, ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే, బిర్లా టైర్స్ కంపెనీలు 2011-12 కాలంలో లారీ, బస్సు నైలాన్ టైర్ల రీప్లేస్‌మెంట్ మార్కెట్‌లో (అరిగిన టైర్ల స్థానంలో కొనే టైర్ల మార్కెట్‌లో) తమ పరిశ్రమ సంఘం ద్వారా ధరల సమాచారం పంచుకుని కూడబలుక్కుని ధరలు పెంచాయని నిర్ధారించి, మొత్తం 1,788 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫిర్యాదుకు మూలం టైరు డీలర్ల సమాఖ్య. కోర్టు వ్యవహారాల వల్ల ఆ ఉత్తర్వు 2022 ఫిబ్రవరిలో గాని బయటికి రాలేదు. 2022 డిసెంబరులో అప్పీలేట్ ట్రైబ్యునల్ మళ్లీ పరిశీలించమని దాన్ని కమిషన్‌కు తిప్పి పంపింది. కంపెనీలు ఆరోపణను ఖండించాయి, కాబట్టి తీర్పు మనం చెప్పకూడదు. కానీ అయిదారు కంపెనీల చేతిలో ఉన్న మార్కెట్‌లో దిగుమతి టైరు చేసే ఒక పని ఏమిటో ఈ కేసు తేటతెల్లం చేస్తుంది. కొనకపోయినా సరే, పక్కన అది ఉండడమే ధరకు హద్దు.

ఇదంతా చదివితే మన పరిశ్రమ రక్షణ మీదే బతుకుతోందని అనిపించవచ్చు, అది సరికాదు. భారత టైరు ఎగుమతులు 2024-25లో 25 వేల కోట్ల రూపాయలు దాటాయి, సరుకు 170కి పైగా దేశాలకు వెళ్తోంది. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, ఆంధ్రప్రదేశ్‌లోని చిన్నపండూరులో అపోలో ఫ్యాక్టరీలు తెలుగు నేల మీదే టైర్లు చేస్తున్నాయి. చైనా మీద అమెరికా, యూరప్ వేసిన సుంకాలు మన ఎగుమతిదారులకు తలుపు తెరిచాయి కూడా. అదే తలుపు ఎంత తొందరగా మూసుకోగలదో 2025లో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాలను 50 శాతం దాకా పెంచినప్పుడు తెలిసింది. యూరప్ మరో కొత్త షరతు పెడుతోంది. 2023లో చేసిన అటవీ నిర్మూలన నిబంధన ప్రకారం, 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన రబ్బరుతో చేసిన టైరు అక్కడ అమ్మకూడదు, రబ్బరు ఏ తోటలో పండిందో భౌగోళిక గుర్తులతో సహా చూపాలి. అమలు తేదీ వాయిదా పడింది గాని ఆ దిశ మారలేదు. త్రిపురలోనో కొట్టాయంలోనో ఎకరం, రెండెకరాల తోటలున్న రైతుల రబ్బరంతా ఒకచోట కలిసిపోయే మన వ్యాపార పద్ధతికి ఇది కఠినమైన పరీక్ష. నాలుగు పెద్ద టైరు కంపెనీలు 2021లో ఈశాన్య రాష్ట్రాల్లోనూ పశ్చిమ బెంగాల్‌లోనూ రెండు లక్షల హెక్టార్లలో కొత్త తోటలకు వెయ్యి కోట్లకు పైగా ఇవ్వడానికి ముందుకొచ్చాయి; ఆ మొక్కలు పాలిచ్చే నాటికి ఈ షరతు పూర్తిగా అమల్లో ఉండే అవకాశమే ఎక్కువ.

మళ్లీ సుంకాల విచారణకు వస్తే, యూరప్ చట్టంలో సుంకం వేసే ముందు దిగుమతిదారులు, వాడకందార్ల ప్రయోజనాన్ని కూడా తూచే ప్రత్యేక పరీక్ష ఉంది. మన డీజీటీఆర్ కూడా విచారణ మొదలుపెట్టినప్పుడు ఆసక్తి ఉన్నవాళ్లు సాధారణంగా 30 రోజుల్లో తమ వాదన పంపాలని ప్రకటిస్తుంది. టైరు కంపెనీలు న్యాయవాదులతో, ఖర్చుల పట్టికలతో వెళ్తాయి. లారీ యజమానుల సంఘాలు వెళ్లడం అరుదు. వెళ్లినా ధర పెరుగుతుందని చెప్పడం తప్ప చేతిలో లెక్కలుండవు. ఆ లెక్కలు లేక కాదు. ఆర్టీసీ డిపోల్లో ఏళ్ల తరబడి రాసిన టైరు రికార్డులు ఉన్నాయి. ఏ తయారీదారు టైరు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని కేసింగ్‌లు రీట్రెడింగ్‌కు నిలబడ్డాయి, ఎన్ని మొదటి పరీక్షలోనే పోయాయి అన్న వివరాలు వాటిలో దొరుకుతాయి. వాటిని క్రోడీకరించి, వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ లారీ సంఘాలు తమ దారుల లెక్కలను జతచేసి, తదుపరి సమీక్షలో డీజీటీఆర్ ముందు పెడితే, కొత్త టైరు ధరతో పాటు కేసింగ్ ఆయుష్షును కూడా చూడమని, దిగుమతి టైర్లను రీట్రెడింగ్‌కు పనికొచ్చేవి, పనికిరానివి అని విడదీసి సుంకం నిర్ణయించమని ఆధారాలతో అడగవచ్చు.